బొటనవేలు బొమ్మ

పొద్దున్న ఏడు గంటలకు, నేనింకా కాఫీ కూడా తాగకముందే, మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో, మేము వెళ్ళబోయే గ్రీసు ఓడ ప్రయాణం గురించి మా ఆడపడుచు భర్త ఒక సందేశం పెట్టారు. "చెల్లెమ్మా, ఎందుకీ తలనొప్పి? ఓడవాళ్ళ టూరు తీసేసుకుంటే సుఖం కదా. సొంతంగా ఊరు చూసుకుంటూ కూర్చుంటే, కేబుల్ కారు వరుసలో ఇరుక్కుపోయి, ఓడ మనల్ని వదిలేసి పోతే ఎవరిని అడుగుతాం?"

అంతవరకు సరే. అన్నయ్యగారి సంగతి నాకు తెలుసు. తిరుమల మెట్లెక్కినా ఆయనకు దేవుడికంటే ముందు చిరుతపులి గుర్తొస్తుంది. కానీ ఆ సందేశం కింద నిమిషం తిరగకుండా ఒక బొటనవేలు బొమ్మ వచ్చి కూర్చుంది. ఎవరిదనుకున్నారు? మా వారిది! మూడు వారాలుగా రాత్రి పదకొండు దాటాక, సొంతంగా తిరగడానికి పట్టిక వేస్తూ నేను కంప్యూటర్ ముందు కళ్ళు పొడుచుకుంటుంటే, పక్కనే సోఫాలో కూర్చుని క్రికెట్ చూస్తూ "బాగుంది, బాగుంది" అన్న మనిషిది.

వచ్చే సెప్టెంబరులో మేము ఏడుగురం గ్రీసు దీవులకు ఓడలో వెళ్తున్నాం. అందులో ఒక రోజు శాంటోరిని. ఆ ఒక్కరోజుకి ఓడవాళ్ళు అమ్ముతున్న టూరు మనిషికి 139 యూరోలు. ఏడుగురికి 973. ఇంత పోసి కొంటే ఏమిస్తారో చూడండి. చిన్న పడవలో అథీనియోస్ రేవుకు తీసుకెళ్ళి బస్సెక్కిస్తారు. ఇయా అనే ఊళ్ళో గంటన్నర వదిలేస్తారు, దానికి "స్వేచ్ఛా సమయం" అని పేరు. తర్వాత ఒకచోట వైను రుచి చూపిస్తారు. డెబ్బై ఆరేళ్ళ మా అత్తయ్యగారికి, ఏకాదశికి పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టని మనిషికి, మూడు రకాల వైను! ఆ తర్వాత ఫిరా పట్టణంలో దింపేసి, ఇక కిందికి మీరే కేబుల్ కారులో దిగి రండి అంటారు. ఇది నేను కల్పించింది కాదు, వాళ్ళ కాగితంలోనే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అంటే అన్నయ్యగారు దేనికైతే భయపడుతున్నారో ఆ కేబుల్ కారు వరుసలో, 973 యూరోలు కట్టాక కూడా నిలబడాల్సిందే. పైగా మధ్యాహ్నం, అందరూ ఒకేసారి దిగే వేళకు.

అసలు అక్కడి సంగతి తెలిస్తే కదా. శాంటోరిని అంటే సముద్రం నిండిన అగ్నిపర్వతపు గొయ్యి. పెద్ద ఓడలకు అక్కడ ఒడ్డు లేదు, ఆ గొయ్యి నీళ్ళలోనే ఆగుతాయి. చిన్న పడవలు మనల్ని కొండ కింద పాత రేవులో దింపుతాయి. తల ఎత్తితే రెండు వందల మీటర్ల పైన ఫిరా. ఎక్కడానికి మూడే దారులు: కేబుల్ కారు, 588 మెట్లు, కంచర గాడిద. కేబుల్ కారు ఒక విడతకు ఆరు పెట్టెలు, పెట్టెకు ఆరుగురు, వెరసి ముప్పై ఆరుమంది. మూడు వేలమంది ఉన్న ఓడ ఒక్కటి వస్తే చాలు, ఎనభై నాలుగు విడతలు. 2025 నుంచి ఓడల్లో వచ్చేవాళ్ళను రోజుకు ఎనిమిది వేలకు పరిమితం చేశారు. పరిమితం చేస్తేనే ఎనిమిది వేలు, ఇక అంతకుముందు ఎలా ఉండేదో ఊహించుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ దిగిన ప్రతి ఓడ ప్రయాణికుడికి 20 యూరోల రుసుము కూడా పెట్టారు. సొంతంగా తిరిగినా, వాళ్ళ బస్సులో తిరిగినా ఆ ఇరవై తప్పదు.

అన్నట్టు ఆ గాడిదల మీద వంద కిలోలు మించి బరువు వేయకూడదని గ్రీసు ప్రభుత్వం 2018లో నిబంధన పెట్టింది. గాడిదలకు న్యాయం జరిగింది, సంతోషం. కుటుంబాల్లో ప్రయాణాల బరువు మోసేవాళ్ళ కోసం ఏ ప్రభుత్వం ఏ నిబంధన పెడుతుందో చూడాలి.

నా పట్టికలో ఉన్నది ఇదీ. మొట్టమొదటి పడవకు మేముంటాం. ఏడున్నరకు కేబుల్ కారు. ఫిరా బస్టాండులో స్థానిక బస్సు ఎక్కితే అరగంటలోపే ఇయా. అప్పటికి టూరు బస్సులు ఇంకా రేవులోనే జనాన్ని లెక్కపెట్టుకుంటూ ఉంటాయి. ఆ తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు, మెట్ల సందులు అన్నీ ఎండ ముదరకముందే చూసేసి పదకొండుకల్లా ఫిరాకి వెనక్కి. మ్యూజియం, భోజనం. రెండింటికి కేబుల్ కారు వరుసలోకి. చివరి పడవ నాలుగున్నరకు. రెండున్నర గంటల వెసులుబాటు! మా వారు పెళ్ళిచూపులకు కూడా ఇంత ముందుగా రాలేదు. ఫోను గడియారం నమ్మవద్దు, ఓడ గడియారమే చూసుకోవాలని ఎర్ర అక్షరాల్లో రాసి, అందరికీ చేతి గడియారాలు కూడా పెట్టుకోమన్నాను. ఓడవాళ్ళ టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మనం ఆలస్యమైతే ఆగదు. ఈ ముక్క నాకు తెలియక కాదు, తెలిసే ఆ రెండున్నర గంటలు పెట్టాను.

దీనికి అన్నయ్యగారి జవాబు ఏమిటో తెలుసా? 2025 ఫిబ్రవరి నాటి భూకంపాల వీడియో. అప్పుడు వరసగా వేలకొద్దీ ప్రకంపనలు వచ్చి దీవి జనం పడవలెక్కి వెళ్ళిపోయిన మాట నిజమే. కానీ అన్నయ్యగారూ, భూకంపం వస్తే ఓడవాళ్ళ బస్సు కింద మాత్రం భూమి కదలకుండా ఉంటుందా?

ఇక భోజనం. శాంటోరినిలో ఫావా అని చేస్తారు. పేరు విని ఏదో అనుకోకండి, అచ్చంగా మన ముద్దపప్పు. ఆ దీవిలో పండే ఒక పసుపు పప్పును మెత్తగా ఉడికించి, ఎనిపి, పైన ఆలివ్ నూనె పోసి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లుతారు. నెయ్యి ఒక్కటే తక్కువ. దానికి తోడు అక్కడి చిన్న టమాటాలతో పకోడీల్లాంటివి వేయిస్తారు. ఉల్లి తినని రోజైతే ముక్కలు వేయవద్దని చెప్పడానికి గ్రీకులో ఒక చీటీ కూడా రాసి పెట్టుకున్నాను. ఓడవాళ్ళ టూరు భోజనంలో ఏముందో తెలుసా? చేప. లేదా "శాకాహార సలాడ్". అత్తయ్యగారు పరాయి దేశంలో కీరాముక్కలు నములుతూ కూర్చుంటే అప్పుడు అందరూ నా మొహం చూస్తారు. ఆవకాయ ఎందుకు తేలేదని.

మ్యూజియం సంగతి కూడా చెప్పాలి, ఎవరూ వినరు కాబట్టి ఇక్కడే చెప్తాను. క్రీస్తుకు పదహారు వందల ఏళ్ళ ముందు ప్రాంతంలో ఆ అగ్నిపర్వతం పేలి ఆ దీవిలోని అక్రోటిరి అనే ఊరు బూడిద కింద కప్పబడిపోయింది. 1967లో తవ్వడం మొదలుపెడితే గోడల మీద రంగులతో సహా బయటపడింది. అలా దొరికినవాటిలో నీలి కోతుల చిత్రం ఒకటి ఫిరా మ్యూజియంలో ఉంది. ఆ కోతులు మన కొండముచ్చులేనని కొందరు పరిశోధకులు వాదించారు. తోక పైకెత్తి పట్టుకునే తీరు చూసి పోల్చుకున్నారట. గ్రీసు దీవిలో మూడున్నర వేల ఏళ్ళ నాటి గోడ మీద హనుమంతుడి పరివారం! అత్తయ్యగారికి చెప్తే కళ్ళు పెద్దవి చేసి "మంగళవారం చూస్తే బాగుంటుందే" అన్నారు. ఓడవాళ్ళ టూరులో ఈ మ్యూజియం లేదు. నగల దుకాణం ఉంది.

ఇదంతా ఒక ఎత్తు. నన్ను నిజంగా కాల్చింది వేరే ఉంది.

ఈ ఓడ మధ్యలో టర్కీలోని కుషాదసిలో ఆగి మళ్ళీ గ్రీసుకు వస్తుంది. అంటే షెంగెన్ ప్రాంతంలోకి, అదే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల్లోకి, రెండుసార్లు ప్రవేశం. మా మరిది అందరి వీసా దరఖాస్తులూ తానే నింపుతానని ముందుకొచ్చి, ఏడింటిలోనూ ఒకే ప్రవేశమని టిక్కు పెట్టాడు. రాత్రి పన్నెండింటికి అది పట్టుకున్నది ఎవరు? ఏడూ తిరిగి నింపింది ఎవరు? మర్నాడు గ్రూపులో తోటికోడలు "మా వారు వీసాల పని పూర్తి చేశారు" అని పెడితే ఎన్ని బొటనవేళ్ళు లేచాయో లెక్కపెట్టాను. ఆరు. ఏడోది నాది. నేనూ పెట్టాను, నా బుద్ధి తక్కువ.

ఇది ఈనాటిదా? 2014 డిసెంబరులో కాశీ వెళ్ళాం. రైలు టిక్కెట్లు, గది, గంగలో పడవ, గయలో పిండాల ఏర్పాటు అన్నీ నేనే చూశాను. పొగమంచుకు రైలు ఏడు గంటలు ఆలస్యమైంది. "డిసెంబరులో పెట్టావేమిటమ్మా, మంచు ఉంటుందని తెలియదా?" అని అడిగారు ఈ అన్నయ్యగారే. డిసెంబరు ఎందుకంటే ఆయనకు సెలవు దొరికింది అప్పుడే కాబట్టి! అది అడిగే ధైర్యం నాకు అప్పుడు లేదు. తిరిగొచ్చాక సమారాధనకు చుట్టాలంతా వచ్చారు. పెద్దమామయ్య మా వారి భుజం తట్టి, "అందర్నీ కాశీ చూపించావటగా, గొప్ప పుణ్యం మూటకట్టుకున్నావురా" అన్నాడు. అప్పుడు మా వారు ఏమనాలి? "నాదేముంది, అంతా ఆవిడే చూసుకుంది" అనాలి. నేను గుమ్మం పక్కన పులిహోర గిన్నె పట్టుకుని ఆ ఒక్క మాట కోసం నిలబడ్డాను. ఆయన చిన్నగా నవ్వి, "ఏదోలే మామయ్యా, మన చేతనైనంత" అన్నారు.

మన చేతనైనంత! ఏ చెయ్యి? ఆ చేతికి ఉన్న బొటనవేలే కదా ఈ పొద్దున్న లేచింది.

సరే, గ్రూపులో ఇప్పుడే ఒక సందేశం పెట్టాను. "ఓడవాళ్ళ టూరు మనిషికి 139 యూరోలు. కావలసినవాళ్ళు పేరు రాయండి, ఎవరి డబ్బు వాళ్ళే కట్టుకోవాలి." నలభై నిమిషాలైంది. అందరూ చదివినట్టు నీలి గీతలు పడ్డాయి. ఒక్క పేరు లేదు. అన్నయ్యగారు మాత్రం మధ్యలో ఒక శుభోదయం గులాబీ పెట్టారు.

ఇందాక మా వారు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, ఏమీ తెలియనట్టు, "ఇవాళ టిఫిన్ ఏమిటి?" అని అడిగారు.

బొటనవేలు చూపించాను.