దాడి జరిగాక కొనే పడవలు: జల కమాండో దళాలకు సొంత పద్దు ఏది?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేట ఆగిపోయే ఆ 61 రోజుల్లో చెన్నై కాశిమేడు రేవుకు వెళితే, ఒడ్డుకు లాగిన పడవల అడుగు గీకుతూ, పగుళ్లు పూడుస్తూ, ఇంజిన్లు విప్పి బేరింగులు మారుస్తూ కనిపించే పనివాళ్ల మధ్య శ్రీకాకుళం, నెల్లూరు యాసల తెలుగు కూడా వినిపిస్తుంది. పడవ యజమాని ఆ రెండు నెలల ఖర్చును ముందే లెక్క వేసుకుంటాడు. పడవ కొన్న నాటి అప్పు ఒక లెక్క, దాన్ని ఏటేటా నీళ్ల మీద నిలబెట్టే ఖర్చు మరో లెక్క అని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఆయుధాలు మోసే చిన్న పడవలకు, వాటి మీద వెళ్లే కమాండోలకు మాత్రం ఈ రెండో లెక్కను ఎవరూ స్థిరంగా రాయడం లేదు.

నౌకాదళంలోని మెరైన్ కమాండోలను, అంటే మార్కోస్‌ను, 1987లో నెలకొల్పారు. ఆ ఏడాదే శ్రీలంకలో భారత శాంతి సేన చేపట్టిన ఆపరేషన్ పవన్‌లో, తరువాతి ఏడాది మాల్దీవుల్లో వారు పాల్గొన్నారు. 1995 నుంచి కశ్మీర్‌లోని వులర్ సరస్సు మీద కూడా వారి కాపలా ఉంది. సముద్రం కోసం తయారైన దళాన్ని కొండల నడుమ మంచినీటి సరస్సుకు పంపాల్సి వచ్చిందంటే, లోతట్టు జలాల్లో పోరాడగల దళం దేశానికి వేరుగా లేదనే అర్థం. తెలుగు నేల మీద వీరి స్థావరం విశాఖపట్నం దగ్గరి భీమునిపట్నంలో ఉన్న ఐఎన్ఎస్ కర్ణ. అది 2016లో ప్రారంభమైంది.

వీరి సామర్థ్యం గురించి ఇప్పుడు ఎవరికీ సందేహం లేదు. 2024 జనవరిలో సోమాలియా తీరానికి దూరంగా సముద్రపు దొంగలు చొరబడిన లీలా నార్ఫోక్ నౌకలోకి యుద్ధనౌక ఐఎన్ఎస్ చెన్నై నుంచి మార్కోస్ ఎక్కి, 15 మంది భారతీయులతో సహా 21 మంది సిబ్బందిని సురక్షితంగా బయటికి తెచ్చారు. అదే ఏడాది మార్చిలో, సముద్రపు దొంగల చేతిలో ఉన్న రూయెన్ నౌక విషయంలో మరో అడుగు ముందుకు వేశారు. భారత్ నుంచి ఎగిరిన సీ-17 విమానం సుమారు 2,600 కిలోమీటర్లు వెళ్లి, రెండు రబ్బరు దాడి పడవలను, వాటితో పాటు కమాండోలను అరేబియా సముద్రంలోకి జారవిడిచింది. 40 గంటలు సాగిన ఆ చర్యలో 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది నావికులు విడుదలయ్యారు. ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. యుద్ధనౌక, విమానం, డ్రోను అన్నీ నౌకాదళానివి, వాయుసేనవి. కమాండోలు తమవిగా తీసుకుపోయింది ఆ రబ్బరు పడవలు, వాటి ఇంజిన్లు, పారాచూట్లు, ఆయుధాలు, రేడియోలు. అవన్నీ కలిపినా వాటిని మోసిన విమానం ధరలో పిసరంత కూడా కాదు. అంత చిన్న మొత్తం కాబట్టే అది ఏ పెద్ద పద్దులోనైనా కలిసిపోతుంది, కనిపించకుండా కోతకూ గురవుతుంది.

ఈ దళాల సామగ్రి పెద్ద దళాల సామగ్రికి చిన్న నమూనా కాదు, దాని తర్కమే వేరు. మామూలు గజఈతగాడు వదిలిన ఊపిరి బుడగలై పైకి లేచి అతని జాడ చెబుతుంది. పోరాట గజఈతగాడు వాడే మూసిన వలయపు శ్వాస పరికరం వదిలిన గాలిని శుద్ధి చేసి మళ్లీ అతనికే ఇస్తుంది, నీటిపైకి బుడగ రాదు. అయితే స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో నడిచే ఆ పరికరంతో ఆరేడు మీటర్లకు మించి దిగితే ఆక్సిజనే విషమవుతుంది. గాలిని శుద్ధి చేసే రసాయనాన్ని గడువులోపు మార్చాలి, గొట్టాలను, సీళ్లను వాడిన ప్రతిసారీ పరీక్షించాలి. ఇలాంటి పరికరాన్ని ఒకసారి కొని గిడ్డంగిలో పెట్టడమంటే ప్రాణాంతకమైన వస్తువును దాచుకోవడమే.

పడవల సంగతీ అంతే. చెన్నైకి ఉత్తరాన ఉన్న పులికాట్ సరస్సును చూడండి. దాని తూర్పు గట్టున శ్రీహరికోట, అంటే దేశపు రాకెట్ ప్రయోగ కేంద్రం ఉంది. సరస్సు లోతు మాత్రం చాలాచోట్ల మనిషి నడుము దాటదు. ముఖద్వారం ఇసుకతో పూడుతుంటుంది, వలలు అడ్డంగా కట్టి ఉంటాయి, అడుగున నాచు, ఒండ్రు. సముద్రంలో దూసుకుపోయే గస్తీ పడవ ఇక్కడ ఫ్యాను నేలకు తగిలి ఆగిపోతుంది. ఫ్యానుకు బదులు నీటిని పీల్చి వెనక్కి చిమ్మే వాటర్‌జెట్ పెడితే లోతులేని చోటా పోవచ్చు, కానీ నాచు, ప్లాస్టిక్, వల ముక్కలు దాని నోటిని మూసేస్తాయి. అమెరికా ప్రత్యేక దళాల నదీ పడవ 33 అడుగుల పొడవుంటుంది, జెట్‌తో నడుస్తుంది, నలుగురు సిబ్బందితో ఎనిమిది మంది కమాండోలను మోస్తుంది. అది మిసిసిపీ ప్రాంతపు నీళ్లలో సాధన చేసి నేర్చుకున్న రూపం. దాన్ని యథాతథంగా తెచ్చి గోదావరి లంకల్లో, కోరింగ మడ అడవుల్లో, సుందరవనాల్లో వదిలితే సరిపోతుందని అనుకోవడం పొరపాటు.

ఇక మనం ఎప్పుడు కొంటామో చూద్దాం. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ బలగాలతో వెళుతున్న పడవ మీద మావోయిస్టులు గట్టు మీది నుంచి కాల్పులు జరిపారు. 38 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ కమాండోలు. అడవి యుద్ధంలో దేశానికే నమూనాగా చెప్పుకున్న దళం నీటి మీద, చుట్టూ ఎత్తైన గట్లున్న చోట, రక్షణ కవచం లేని పడవలో నిస్సహాయంగా మిగిలిపోయింది. శిక్షణ లోపమని అప్పట్లో చాలామంది అన్నారు. నా దృష్టిలో అది ప్రధానంగా విభాగాల మధ్య ఉన్న ఖాళీ. పోలీసు వ్యవస్థ రాష్ట్రానిది, నౌకాదళం కేంద్రానిది, జలాశయం నీటిపారుదల శాఖది. నీటి మీద పోరాటం వీటిలో ఏ ఒక్కరి పద్దులోనూ లేదు. ఆ ప్రాంతపు సమస్యకు చివరికి దొరికిన పరిష్కారం కూడా పడవ కాదు. 2018 జూలైలో తెరిచిన 910 మీటర్ల గురుప్రియ వంతెన అది.

బలిమెల తరువాత అయిదు నెలలకే ముంబైపై దాడి జరిగింది. ఆ తరువాత నిధుల వరద. నౌకాదళ స్థావరాల కాపలాకు వెయ్యి మందితో సాగర్ ప్రహరీ బల్ ఏర్పడింది, దాని కోసం 80 వేగ గస్తీ పడవలు కొన్నారు. అవి శ్రీలంకలోని ఒక ప్రైవేటు యార్డులో తయారయ్యాయన్నది చాలామందికి తెలియదు. సముద్రంలోని చమురు వేదికల రక్షణకు మరో 23 పడవలు వచ్చాయి, వాటి డబ్బు ఓఎన్జీసీ ఇచ్చింది. రక్షణ పొందే సంస్థే రక్షణ ఖర్చు భరించడం తప్పు కాదు. కానీ దేశ రక్షణకు అవసరమైన పడవల సంఖ్య ఒక చమురు సంస్థ ఖాతా మీద ఆధారపడినప్పుడు, అది ప్రణాళిక అనిపించుకోదు. 2020 గల్వాన్ ఘటన తరువాత కూడా ఇదే కథ. పాంగాంగ్ సరస్సు కోసం 2021 జనవరిలో సైన్యం గోవా షిప్‌యార్డుతో 12 గస్తీ పడవలకు సుమారు 65 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. 4,200 మీటర్ల ఎత్తున పలచని గాలిలో ఇంజిన్ శక్తి తగ్గుతుంది, శీతాకాలంలో సరస్సే గడ్డకడుతుంది. అలాంటి చోట పడవను ఎవరు, ఎక్కడ, ఏ డబ్బుతో బాగుచేస్తారన్నది కొనుగోలు కన్నా పెద్ద ప్రశ్న.

తీర భద్రతా పథకం ఈ ప్రశ్నకు ముందే జవాబు ఇచ్చింది, మనం చదవలేదంతే. 2005లో మొదలైన తొలి దశలో తీర రాష్ట్రాలకు 73 పోలీసు స్టేషన్లు, 204 పడవలు మంజూరయ్యాయి. ఒకేసారి పెట్టే ఖర్చుకు 400 కోట్లు, అయిదేళ్ల పాటు ఇంధనం, మరమ్మతులు, శిక్షణకు 151 కోట్లు కేంద్రం ఇచ్చేలా ఏర్పాటు. మనుషులను మాత్రం రాష్ట్రం పెట్టుకోవాలి. అయిదేళ్ల తరువాత డీజిల్ కూడా రాష్ట్రానిదే. పడవకు వారెంటీ ముగిసే వేళకే కేంద్రం చెయ్యి తీసేసిందన్నమాట. ఆ తరువాత వేర్వేరు రాష్ట్రాలపై కాగ్ నివేదికలు చెప్పినవి ఇంచుమించు ఒకటే: సిబ్బంది కొరత, జెట్టీలు లేకపోవడం, నిర్ణయించిన గంటల్లో కొంత భాగమే గస్తీ తిరగడం. పడవ నడపడం తెలిసిన సరంగు, ఇంజిన్ తెలిసిన మెకానిక్ పోలీసు బదిలీల చక్రంలో ఇమడరు. శాంతిభద్రతల విధుల నుంచి వచ్చిన కానిస్టేబుల్ నీటిని అర్థం చేసుకునే లోపే మళ్లీ ఊళ్లోకి బదిలీ అవుతాడు.

డబ్బుకు వేరే పద్దు ఉంటే ఏమవుతుందో చూడాలంటే అమెరికా అనుభవం చూడాలి. 1980లో ఇరాన్‌లో బందీల విడుదల కోసం చేసిన ప్రయత్నం ఎడారిలోనే విఫలమై ఎనిమిది మంది చనిపోయాక, వారి పార్లమెంటు సైన్యం మాట కూడా పక్కనపెట్టి 1986లో చట్టం చేసింది. దాని ఫలితంగా 1987లో ప్రత్యేక దళాల కమాండ్, దానికి రక్షణ బడ్జెట్‌లో పదకొండో ప్రధాన కార్యక్రమం పేరుతో సొంత పద్దు, సొంత కొనుగోలు అధికారం వచ్చాయి. అందరూ వాడే వస్తువును మాతృ దళం ఇస్తుంది, ప్రత్యేక దళానికే అవసరమైనదాన్ని కమాండ్ తన డబ్బుతో కొంటుంది. ఈ విభజన మన చర్చల్లో ఎక్కడా కనిపించదు.

ఆ పద్దుకు బయట ఉండిపోయిన నదీ దళాల గతి అదే దేశంలో వేరుగా ఉంది. వియత్నాంలో మెకాంగ్ పాయల కోసం విహార పడవ అడుగు భాగానికి, స్నానపు తొట్ల పేరుతో మనకు పరిచయమైన జకూజీ కంపెనీ పంపులను బిగించి వారు చేసిన 31 అడుగుల గస్తీ పడవ అద్భుతంగా పనిచేసింది. యుద్ధం ముగిశాక నౌకాదళం ఆ విద్యను దాదాపు మరిచిపోయింది. 2006లో మళ్లీ మొదటి నుంచి దళాన్ని కట్టుకుని, 2007లో ఇరాక్‌లోని హదీతా ఆనకట్ట కాపలాకు పంపింది. ఇరాక్ అవసరం తీరిపోగానే 2012లో దాన్ని నౌకాదళంలోనే రేవుల, తీరాల కాపలా చూసే మరో విభాగంతో కలిపేసింది. 2016 జనవరిలో పర్షియా సింధుశాఖలో రెండు నదీ పడవలు దారితప్పి ఇరాన్ జలాల్లోకి వెళ్లి, పది మంది నావికులు పట్టుబడ్డారు. విచారణలో బయటపడినవి ఇంజిన్ లోపాలు, పైపై శిక్షణ, హడావుడి ప్రణాళిక. కాశిమేడులో ఏ సరంగుకు చెప్పినా ఆశ్చర్యపోని కారణాలు.

సొంత పద్దు ఉంటే చాలని కూడా అనలేను. అమెరికా నౌకాదళపు సీల్ కమాండోలను పొడిగా, వెచ్చగా గమ్యం చేర్చే చిన్న జలాంతర్గామిని అక్కడి ప్రత్యేక దళాలు ఆరు కొనాలనుకుని, ఖర్చు అదుపు తప్పి, ఒక్కదానితో ఆగాయి. ఆ ఒక్కటీ 2008 నవంబరులో పెర్ల్ హార్బర్‌లో బ్యాటరీలు ఛార్జి అవుతుండగా కాలిపోయింది. చిన్న దళం పెద్ద కలలు కంటే సొంత డబ్బు దానికి శాపమే. పాక్ జలసంధికి అవతల, మనకు కూతవేటు దూరంలో, శ్రీలంక నౌకాదళం ఎల్‌టీటీఈ సముద్ర విభాగమైన సీ టైగర్ల పడవల గుంపులను ఎదుర్కోవడానికి నౌకలను కాక, తమ దేశంలోనే తక్కువ ఖర్చుతో తయారైన 23 అడుగుల ‘యారో’ (బాణం) పడవలను పెద్ద సంఖ్యలో దించింది. సంఖ్య, మరమ్మతు సౌలభ్యం, వాటినే ఏళ్ల తరబడి నడిపిన సిబ్బంది కలిసి అక్కడ పని చేశాయి.

మన దగ్గర త్రివిధ దళాల ప్రత్యేక కార్యకలాపాల విభాగం ఏర్పడింది. అంతకుముందు 2012లోనే జాతీయ భద్రతపై వేసిన నరేశ్ చంద్ర కార్యదళం ప్రత్యేక దళాలకు పూర్తి స్థాయి కమాండ్ ఉండాలని సూచించింది. విభాగం అంటే మనుషులను కలపడం, కమాండ్ అంటే డబ్బును కూడా కలపడం. ఇప్పటికి మొదటిదే జరిగింది. 2025-26లో 6.81 లక్షల కోట్ల రక్షణ బడ్జెట్‌లో, 1.80 లక్షల కోట్ల మూలధన వ్యయంలో మార్కోస్ శ్వాస పరికరాల అవసరం జలాంతర్గాముల అవసరంతో ఒకే నౌకాదళ కేటాయింపులో పోటీ పడుతుంది. ఆ పోటీలో ఎవరు గెలుస్తారో ఊహించడం కష్టం కాదు. ఉద్రిక్తతల వేళ ఒక్కో కొనుగోలుకు 300 కోట్ల దాకా ఇచ్చే అత్యవసర అధికారాలు కొంత ఊరట. కానీ అవి కొనడానికి పనికొస్తాయి, పదేళ్లు నడపడానికి కాదు.

పెద్ద కమాండ్ పెట్టకుండానే చేయగల పని ఉంది. ప్రత్యేక దళాలకే పరిమితమైన సామగ్రికి రక్షణ బడ్జెట్‌లో వేరే ఉపపద్దు పెట్టి, అందులో ప్రతి పడవ ఒప్పందంతో పాటు దాని జీవితకాలపు ఇంజిన్ మార్పిడి, విడిభాగాలు, సాధన ఇంధనం కూడా ముందే మంజూరు చేయాలి. చెన్నై దగ్గర కాట్టుపల్లిలో తీర రక్షక దళం కోసం గస్తీ నౌకలు కట్టిన అనుభవం ఉంది. లోతు తక్కువ నీటి కోసం దేశీయ రూపకల్పనను పులికాట్‌లోనే పరీక్షించి చూడవచ్చు. గ్రేహౌండ్స్ లాంటి రాష్ట్ర దళాలకు నీటి మీద పని పడినప్పుడు మార్కోస్ శిక్షకులను, పడవ సిబ్బందిని ఏ షరతులపై పంపాలో, ఆ ఖర్చు ఎవరు భరించాలో కేంద్ర, రాష్ట్రాల మధ్య ముందే రాతపూర్వకంగా ఉండాలి. ప్రత్యేక పద్దు పెడితే కొత్త సామంతరాజ్యం పుడుతుందని నౌకాదళంలో కొందరు భయపడతారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. అయినా సదరు పద్దు మొత్తం ఒక్క యుద్ధనౌక ఖర్చులో కొంత భాగం దాటకుండా పరిమితి పెట్టడం పార్లమెంటు చేతిలోని పనే.

పార్లమెంటు రక్షణ వ్యవహారాల స్థాయీ సంఘం ఈసారి నౌకాదళ గ్రాంట్లను పరిశీలించేటప్పుడు ఎన్ని పడవలు కొన్నారని అడగడం మానేసి, 2008 తరువాత కొన్నవాటిలో ఈ రోజు ఇంజిన్ స్టార్ట్ చేస్తే కదిలేవి ఎన్ని, వాటి సరంగులు ఎన్నేళ్లుగా అదే పడవలో ఉన్నారు, గత ఏడాది వాటి డీజిల్ ఏ పద్దు నుంచి వచ్చింది అని అడగాలి.