‘రోగమే లేదు, గ్రాంట్లెందుకు?’ అన్న ఫార్వర్డ్‌కు జవాబు

ఆదివారం పొద్దున్నే మా బాబాయ్ ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. మీ గ్రూపులోకీ ఈపాటికి వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: కరోనా పోయి ఏళ్లయింది, అయినా అంటువ్యాధుల నివారణ, ముందస్తు ఏర్పాట్లు అంటూ కేంద్రం వేల కోట్ల గ్రాంట్లు ఇస్తూనే ఉంది. లేని రోగానికి ఖర్చేంటి? వస్తే అప్పుడు చూసుకోవచ్చు. ఆ డబ్బుతో ఆసుపత్రులు కట్టొచ్చు. ఎలాగూ మధ్యలోవాళ్లు తినేస్తారు. చివర్లో మామూలే, ‘నిజమనిపిస్తే పదిమందికి పంపండి’.

నేను ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో పదకొండేళ్లు టెక్నీషియన్‌గా చేశాను. పదిమందికి పంపలేదు. ఫోన్లో బాబాయ్‌తో వాదిస్తే ఆయన బీపీ, నా బీపీ రెండూ పెరుగుతాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

‘లేని రోగానికి ఖర్చేంటి’ అన్నదాంతో మొదలుపెడదాం, మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి. పోలియో సంగతి చూడండి. మన దేశంలో సహజంగా వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు పోలియో రహిత సర్టిఫికెట్ ఇచ్చింది. మెసేజ్ లెక్క ప్రకారం ఆ రోజే దుకాణం కట్టేయాలి. కట్టేయలేదు. ఒక్క రోగీ లేకపోయినా మురుగునీటి నమూనాలు తీసి పరీక్షించే పని ఆపలేదు.

2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం దగ్గర తీసిన నమూనాలో టైప్ 2 పోలియో వైరస్ కనబడింది. చుక్కల మందులో ఉండే బలహీనమైన వైరస్ పిల్లల పేగుల్లో తిరిగి తిరిగి మారిపోయిన రకం అది. ఒక్క పిల్లాడికీ కాలు పడిపోలేదు. కానీ సమయం చాలా చెడ్డది: సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే చుక్కల మందులోంచి టైప్ 2ను తీసేశారు, అంటే ఆ తర్వాత పుట్టే పిల్లలకు చుక్కలతో ఆ రకం నుంచి రక్షణ రాదు. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఎక్కువ ప్రమాదం ఉన్న బస్తీలు ఎంచుకుని, ఒక్క వారంలో మూడు లక్షలకు పైగా పిల్లలకు సూది మందు వేశారు. మందు కొరత ఉంది కాబట్టి మామూలు డోసులో ఐదో వంతు, 0.1 మిల్లీలీటరు, చర్మం పొరల్లో. ఆ పద్ధతి అప్పటికే మన రెండు రాష్ట్రాల మామూలు టీకాల్లోకి వచ్చేసి ఉంది, టీకాలు వేసే ఏఎన్‌ఎం నర్సులకు చెయ్యి తిరిగి ఉంది. కొత్తగా నేర్పే పని లేకపోయింది.

కాలవలోంచి సీసాడు నీళ్లు తీసే మనిషికి జీతం ఏ పద్దులోంచి రావాలి? రోగి ఉంటేనే డబ్బు ఇస్తామంటే, ఆ సీసా కాలవలోకి దిగేదే కాదు.

‘వస్తే అప్పుడు పెట్టుకోవచ్చు’. పెట్టాం కదా, చూశాం కదా. 2020 ఏప్రిల్‌లో కేంద్రం కోవిడ్ ఎమర్జెన్సీ ప్యాకేజీ కింద 15,000 కోట్లు ప్రకటించింది, 2021 జులైలో రాష్ట్రాల వాటాతో కలిపి ఇంకో 23,123 కోట్లు. డబ్బుకు లోటు రాలేదు. అదే సమయంలో జిల్లా ఆసుపత్రుల్లో గాలిలోంచి ఆక్సిజన్ తీసే ప్లాంట్లు 162 మంజూరయ్యాయి, మొత్తం ఖర్చు 200 కోట్ల పైచిలుకు. 2020 అక్టోబరులో టెండరు పిలిచారు. 2021 ఏప్రిల్ 18న, రెండో వేవ్ నెత్తిమీదికొచ్చాక, ఆరోగ్య శాఖే చెప్పిన లెక్క: బిగించినవి 33. డబ్బుంది, మంజూరుంది, ప్లాంటు లేదు. సిలిండర్ కోసం రాత్రంతా ఫోన్లు తిప్పినవాళ్లకు ఈ లెక్క ఎవరూ వివరించక్కర్లేదు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. 2020 మొదట్లో కోవిడ్ నమూనా ఏదైనా పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాల్సిందే. మనవైపు ముందుగా పరీక్షలు మొదలైంది సికింద్రాబాద్ గాంధీలో, తిరుపతి స్విమ్స్‌లో. వేరే పెద్దాసుపత్రులు లేకనా? కాదు. 2013 నుంచి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా వైరస్ ల్యాబ్‌ల కోసం గ్రాంట్లు ఇస్తూ వచ్చిన పథకం ఒకటుంది. వైరస్‌ను పట్టే పీసీఆర్ మెషీన్, నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్, వాటిని వాడటం వచ్చిన మనుషులు ఆ ల్యాబ్‌ల్లో ముందే ఉన్నారు. మెషీన్ ఎమర్జెన్సీలో విమానంలో తెప్పించుకోవచ్చు. మైక్రోబయాలజిస్టును అలా తెప్పించలేం.

‘ఆసుపత్రులు కట్టొచ్చు’ అన్న మాటకు ఎక్కువ చెప్పాల్సింది లేదు, ఆ డబ్బులో కొంత వెళ్లింది కట్టడానికే. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఐదేళ్లకు స్థానిక సంస్థల ద్వారా 70,051 కోట్ల ఆరోగ్య గ్రాంటు ఇవ్వమంది. సొంత భవనం లేని సబ్‌సెంటర్లు, పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) పరీక్షల సామాను, బ్లాకు స్థాయి ప్రజారోగ్య యూనిట్లు దాని కిందివే. మనిషికి ఏడాదికి దాదాపు వంద రూపాయలు పడుతుంది. ప్రైవేటులో ఒక్క డెంగ్యూ పరీక్షకు రాసే బిల్లు అంతకన్నా ఎక్కువ.

ఇక ‘తినేస్తారు’. ఇక్కడ మాత్రం బాబాయ్ మాటను పూర్తిగా కొట్టిపారేయను. తినేవాళ్లు లేరని నేను చెప్పను. కానీ నేను దగ్గర్నుంచి చూసిన జబ్బు వేరు: డబ్బు ఖర్చు కాకపోవడం. మన రెండు రాష్ట్రాల్లోనూ జాతీయ ఆరోగ్య మిషన్‌లో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40. రాష్ట్రం వాటా ఖజానా నుంచి కదలాలి, పాత డబ్బుకు యూసీ, అంటే ఖర్చు ధ్రువపత్రం వెళ్లాలి, అప్పుడే తర్వాతి విడత. ఎక్కడో ఒక సంతకం ఆగుతుంది. వర్షాకాలంలో కావాల్సిన డబ్బు మార్చిలో దిగుతుంది.

మా ల్యాబ్‌లో ఒక ఏడాది అదే జరిగింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో డెంగ్యూను తేల్చే ఎలైజా రక్తపరీక్ష కిట్ల కోసం ఎదురుచూపులు. ఒక ప్లేటులో 96 గుంటలుంటాయి, నాలుగు నమూనాల కోసం కొత్త కిట్ విప్పితే కంట్రోళ్లకే, అంటే పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే నమూనాలకే, చాలా పోతుంది, అందుకని నమూనాలు పోగయ్యేదాకా ఆపేవాళ్లం. పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చిన తల్లికి ‘గురువారం రామ్మా’ అని చెప్పడం నా డ్యూటీ. మార్చి చివర్లో డబ్బాలు డబ్బాలుగా కిట్లు దిగాయి, జూన్‌లో ఎక్స్‌పైరీ. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర డెంగ్యూ ఎక్కడుంటుంది? చాలా డబ్బాలు సీలు కూడా విప్పకుండానే పారేశాం. రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో నేనే రాశాను. పైనుంచి చూసేవాళ్లకు అది ‘దుబారా’గా కనబడుతుంది. గ్రాంటు ఆపేస్తే ఆ సెప్టెంబరు తల్లికి గురువారం కూడా ఉండదు.

మెసేజ్ కింద ఎవరో ‘పరీక్షలు చేస్తున్నారు కాబట్టే కేసులు’ అని కూడా తగిలించారు. థర్మామీటరు పగలగొడితే జ్వరం తగ్గుతుందా బాబూ?

బాబాయ్, మీరు ఎలాగూ గ్రామసభకు వెళ్తారు. ‘ఎంత ఇచ్చారు’ అని అడక్కండి, అది ఫ్లెక్సీ మీద రాసే ఉంటుంది. మన పీహెచ్‌సీ ఖాతాలో మార్చి 31 నాటికి ఎంత మిగిలింది, అది ఏ నెలలో పడింది, ఈ రెండూ అడగండి. ఆ జవాబు గ్రూపులో పెడితే, పదిమందికి నేనే పంపుతాను.