బస్సు దిగాక మొదలయ్యే చిక్కు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో గుంటూరు వైపు వెళ్లే పల్లెవెలుగో, ఎక్స్‌ప్రెస్సో ఎక్కిన ట్రాన్స్‌జెండర్ విద్యార్థి గుర్తింపు కార్డు చూపితే, కండక్టర్ సున్నా చార్జీ టికెట్ కొట్టి చేతిలో పెట్టాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం మహిళలు, బాలికలతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఆ ఉచిత ప్రయాణాన్ని కల్పించింది. ఆ టికెట్ విలువ కొద్ది రూపాయలే. అయినా నిండుగా ఉన్న బస్సులో, నలుగురి ముందు, ప్రభుత్వం ఒక మనిషిని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్న సందర్భం అది. చిక్కల్లా అదే విద్యార్థి బస్సు దిగి, కళాశాల గేటు దాటి, ఆఫీసు కిటికీ ముందు నిలబడినప్పుడు మొదలవుతుంది. ఈ రెండు నగరాల్లోనూ, వాటి మధ్యా ఎన్నో విశ్వవిద్యాలయాలు, కళాశాలలు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న ఒక అలవాటు గురించే మేము మాట్లాడుతున్నాం.

'పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏముంటే అదే' అన్నది ఆ అలవాటు. పదిహేనేళ్ల వయసులో ఎవరో నింపిన దరఖాస్తులోని పేరూ లింగమూ ఇంటర్ మెమోలోకి, అక్కడి నుంచి డిగ్రీ ప్రవేశాల్లోకి, హాజరు పట్టీలోకి, హాల్‌టికెట్‌లోకి, చివరికి ప్రొవిజనల్ సర్టిఫికెట్‌లోకి అక్షరం పొల్లు పోకుండా నడిచి వస్తాయి. గుమాస్తాకు ఎవరి మీదా కోపం ఉండదు. రేపు ఆడిట్‌లో అడిగితే ఏం చెప్పాలన్న భయమే ఉంటుంది. కానీ ఆ భయానికి మూల్యం చెల్లించేది పరీక్ష హాల్లో కూర్చున్న విద్యార్థి. హాల్‌టికెట్ మీద పొట్టి జుట్టు అబ్బాయి ఫొటో, ఎదురుగా చుడీదార్‌లో జడ వేసుకున్న అమ్మాయి. ఇన్విజిలేటర్ ఫొటోనూ ముఖాన్నీ మార్చి మార్చి చూసి, ఆ పాత పేరును పైకి చదువుతారు. గదిలో అరవై తలలు వెనక్కి తిరుగుతాయి. ప్రశ్నపత్రం ఇవ్వకముందే ఒక పరీక్ష ముగిసిపోతుంది.

దీనికి దారి లేదనడం నిజం కాదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించింది. వారిని సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా పరిగణించి విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లు కల్పించాలని ప్రభుత్వాలను ఆదేశించింది. ఆపై 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల పరిరక్షణ చట్టమూ, దాని కింద 2020లో వచ్చిన నిబంధనలూ కలెక్టర్ ఇచ్చే గుర్తింపు ధ్రువపత్రం ఆధారంగా ఇతర పత్రాల్లో పేరు, లింగం, ఫొటో మార్చే విధానాన్ని ఏర్పరిచాయి. పత్రం జారీ చేసిన సంస్థ దరఖాస్తు అందిన పదిహేను రోజుల్లో ఆ మార్పు చేయాలని, పాత పత్రం నంబరు మాత్రం అలాగే కొనసాగాలని ఆ నిబంధనలు చెప్పాయి. ఆడిట్ భయానికి ఆ నంబరే సమాధానం. విద్యాసంస్థలు ఇచ్చే సర్టిఫికెట్లూ ఆ పత్రాల జాబితాలో ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో చాలా కొద్ది ఆఫీసు కిటికీల వెనుక మాత్రమే ఈ సంగతి తెలుసునని మా అనుమానం.

అయితే ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా ఆగక్కర్లేని పనులు చాలా ఉన్నాయి. హాజరు పట్టీలో పిలిచే పేరు, లైబ్రరీ కార్డు మీద పేరు, కళాశాల ఈమెయిల్‌లో పేరు ఇవేవీ చట్టబద్ధమైన పత్రాలు కావు. విద్యార్థి రాసిచ్చిన ఒక్క అర్జీతో వీటిని మార్చవచ్చు. ఆడ, మగ అనే రెండు గళ్లలో దేనిలోనూ తమను చూసుకోలేని నాన్‌బైనరీ విద్యార్థులకు మరో గడి కావాలి. దరఖాస్తులో దాన్ని ముద్రిస్తే చాలదు. దాన్ని నింపాక 'తప్పు నమోదు' అని వెనక్కి కొట్టని సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. ఇక పిలుపు విషయంలో తెలుగు మనకు ఎప్పుడో దారి చూపింది. 'వచ్చాడు', 'వచ్చింది' అన్నచోట లింగం బయటపడుతుంది గానీ, 'వచ్చారు' అన్నచోట ఆ బెడద లేదు. పెద్దలకూ కొత్తవారికీ రోజూ వాడే ఆ మన్నన రూపాన్ని తరగతి గదిలో విద్యార్థులందరికీ వాడితే ఏ అధ్యాపకుడి గౌరవమూ తగ్గదు. మనిషిని పట్టుకుని 'అది' అని ఎగతాళి చేసే అలవాటు మాత్రం మాట జారడం కాదు, ర్యాగింగ్. లింగ గుర్తింపు, లైంగిక ధోరణి కారణంగా చేసే వేధింపులను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016లోనే ర్యాగింగ్ నిర్వచనంలో చేర్చింది.

వసతి గృహం సంగతి ఇంతకన్నా కఠినం. అక్కడ ఉన్నవి రెండే భవనాలు, అబ్బాయిలకొకటి, అమ్మాయిలకొకటి. మొదటిదానిలో ట్రాన్స్ అమ్మాయికి రక్షణ ఉండదు, రెండోదానిలో అనుమతి ఉండదు. వార్డెన్ నోట 'బయట గది చూసుకోండి' అన్న మాట వస్తుంది. ఆ మాట పట్టుకుని గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ మొగల్రాజపురంలోనో గది కోసం తిరిగితే, ఫోన్‌లో ఖాళీ ఉందన్న యజమాని మనిషిని చూశాక ఇప్పుడే ఇచ్చేశామంటాడు. అమ్మాయిల తల్లిదండ్రులకు ఉండే ఆందోళనను మేము కొట్టిపారేయడం లేదు. కానీ ఆ ఆందోళనకు జవాబు లోపల గడియ, విడి స్నానాల గది ఉన్న గదులే తప్ప, విద్యార్థిని గేటు బయటికి నెట్టడం కాదు. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2022లో వసతి గృహంలో కొంత భాగాన్ని లింగ భేదం లేని నివాసంగా కేటాయించింది. అంతకు ముందు 2015లోనే ఒక విద్యార్థి కోరిక మేరకు, లింగాన్ని సూచించని గౌరవ పదంతో ధ్రువపత్రం ఇచ్చింది. అందుకు ఆకాశమేమీ విరిగిపడలేదు.

డబ్బు దగ్గర ఇల్లు అడ్డుపడుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు కుటుంబ ఆదాయం చుట్టూ, తల్లిదండ్రుల పత్రాల చుట్టూ తిరుగుతుంది. ఇంట్లోంచి వెళ్లగొట్టిన పిల్లలు ఆ సంతకాలు ఎక్కడి నుంచి తేవాలి? కేంద్రం స్మైల్ పథకం కింద తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు ఏడాదికి రూ.13,500 ఉపకారవేతనం ప్రకటించింది. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) 2017 నుంచి వారికి ఫీజు మినహాయిస్తోంది. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకు నెలకు రూ.4,000 పింఛను ఉంది. నెలనెలా పింఛను ఇస్తున్న రాష్ట్రం, ఆ పింఛను అవసరం రాకుండా చేసే డిగ్రీ దగ్గర ఇంత బిగుసుకుపోవడం మాకు వింతగా తోస్తోంది.

'మా దగ్గర అలాంటివారు ఎవరూ లేరండీ' అన్నది తరచూ వినిపించే జవాబు. 2011 జనగణన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మందిని లింగం కింద 'ఇతరులు' అనే గడిలో లెక్కించింది. దేశం మొత్తం మీద ఆ గడిలోని వారి అక్షరాస్యత 56 శాతం దగ్గరే ఆగింది. క్యాంపస్‌లో కనిపించడం లేదంటే, వారు బడిలోనే ఆగిపోయి ఉండాలి, లేదా పక్క బెంచీలోనే నోరు విప్పకుండా కూర్చుని ఉండాలి. ఎవరైనా వచ్చి అర్జీ పెట్టుకుంటే అప్పుడు చూద్దామనుకుంటే, ఆ వచ్చే మొదటి విద్యార్థి తన బతుకునంతా పది బల్లల ముందు విప్పి చెప్పుకోవాలి. ఏర్పాటు ముందే ఉంటే ఆ అవస్థ తప్పుతుంది.

వేధింపులపై ఫిర్యాదు వినేందుకు ప్రతి విద్యాసంస్థలోనూ కమిటీ ఉండాలని, వేధించేది అధ్యాపకుడైనా సరే ఆ విద్యార్థికి అతని బెడద తప్పించే అధికారం దానికి ఉండాలని 2020 నిబంధనలు పేర్కొన్నాయి. ఆ కమిటీ సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ నోటీసు బోర్డు మీద ఉండాలి. కౌన్సెలర్‌ను నియమించే ముందు, విద్యార్థిని 'మార్చగల'మని నమ్ముతారా అన్న ప్రశ్న వేసి తీరాలి. మద్రాసు హైకోర్టు 2021లో చేసిన ఆదేశాల తరువాత, మనిషి లింగ గుర్తింపును, లైంగిక ధోరణిని 'మార్చే' చికిత్సను జాతీయ వైద్య మండలి 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. 'తగ్గిపోతుందిలే' అని భరోసా ఇచ్చే కౌన్సెలర్ ఉండటం కన్నా లేకపోవడమే మేలు. రాత్రి వేళ ఎవరూ అందుబాటులో లేకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 ఉంది. ఆ నంబరు కూడా అదే బోర్డు మీద ఉంటే మంచిది.

చదువు ముగించుకుని వెళ్లిపోయిన వారినీ మరవకూడదు. పాత పేరుతో ఉన్న డిగ్రీ పట్టా పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లిన ప్రతిసారీ వారు మళ్లీ ఆ పరీక్ష హాల్లోకే వెళుతున్నారు. వారు ధ్రువపత్రం జత చేసి అడిగినప్పుడు, కొత్త పట్టాకు డూప్లికేట్ రుసుము వసూలు చేయకుండా, పట్టా పోయిందని పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెమ్మనకుండా అదే నంబరుతో మార్చి ఇవ్వాలి. రిజిస్ట్రార్లు, పరీక్షల నియంత్రణాధికారులు కలిసి కూర్చుంటే ఆ సర్క్యులర్ రాయడానికి ఒక మధ్యాహ్నం చాలు. వచ్చే ప్రవేశాల ప్రకటనకు ముందే అది ఆఫీసు కిటికీ దాకా చేరాలి.