నిద్ర డ్రైవరుది, బాకీ ఓనరుది

తెల్లవారుజామున నాలుగు గంటలు. హైవే పక్కన ఆగి ఉన్న లారీని బస్సు వెనక నుంచి గుద్దింది. పంచనామాకు వచ్చిన పోలీసులు టార్చి వేసి ఎంత వెతికినా రోడ్డు మీద టైర్లు ఈడ్చుకుపోయిన గీత కనిపించదు. బ్రేకు మీద కాలు పడితే కదా గీత పడేది! ఆ గీత లేకపోవడమే పెద్ద సాక్ష్యం. ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం ఎప్పటి మాటే: ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడపడం వల్ల’. కేంద్ర రవాణా శాఖ వార్షిక నివేదికలోనూ ఇదే తీరు. నిబంధనల ఉల్లంఘన పట్టికలో అతివేగానికి, మద్యానికి, రాంగ్ రూట్‌కు, సిగ్నల్ దాటడానికి, ఫోనుకు తలా ఒక గడి ఉంది. నిద్రకు లేదు. 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని లెక్క చెప్పే ఆ పుస్తకం, వారిలో ఎందరిని కునుకు మింగిందో చెప్పదు.

పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని శాస్త్రవేత్తలు 1997లోనే తేల్చారు. మన చట్టం మద్యానికి పెట్టిన హద్దు 0.03 శాతమే. తాగినవాడిని పట్టుకోవడానికి గొట్టం ఉంది. నిద్రకు ఆగలేనివాడికి ఆంధ్రప్రదేశ్ పోలీసులు హైవేల మీద ‘ఫేస్ వాష్ అండ్ గో’ పేరుతో మొహం మీద నీళ్లు కొట్టించి పంపారు. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ రెండు రాత్రుల నిద్ర బాకీ ఒక మగ్గు నీళ్లతో తీరదు.

గాయపడిన కుటుంబాలు మొదట అడిగేది ఒకటే: ‘డ్రైవరు నిద్రపోయాడని మేమెలా నిరూపించాలి?’ నిరూపించనక్కర్లేదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్రిమినల్ కేసుకు కావలసినంత రుజువు అవసరం లేదు. జరిగిన తీరే తప్పును చెబుతుంటే బాధితుడు అంతకు మించి చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు 1977లోనే అంది. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద మీరు నివసించే ప్రాంతంలోనే దరఖాస్తు వేయవచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడే ఆ తేదీ రాసిపెట్టుకోండి. వైద్యులిచ్చే వైకల్యం శాతం దగ్గరే ఆగిపోవద్దు. ఎడమ చెయ్యి పోయినవాడికి వైకల్యం 60 శాతమే కావచ్చు, కానీ అతను డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టేనని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతవరకు మంచి వకీలు ఎవరైనా చెబుతారు. నా పోరాటం దీని తర్వాతి మెట్టు దగ్గర. పిటిషన్‌లో ‘అజాగ్రత్త’ అని రాసి ఊరుకోకూడదు. ఆ డ్రైవరు ఎన్ని గంటల నుంచి స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడో ట్రిబ్యునల్ ముందు పెట్టించాలి. ట్రిప్ షీటు ఓనరు దగ్గర ఉంటుంది. హైదరాబాద్-విజయవాడ దారిలో అయితే బండి పంతంగి టోల్‌గేటు దాటిన నిమిషం, కొర్లపహాడ్ దాటిన నిమిషం, చిల్లకల్లు దాటిన నిమిషం ఫాస్టాగ్ లెక్కల్లో ఉంటాయి. అదే బండిని అదే మనిషి ముందు రోజు రాత్రి కూడా నడిపాడా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ రికార్డులు తెప్పించమని మొదటి వాయిదాలోనే అడగాలి. ఆలస్యమయ్యేకొద్దీ కాగితాలు మాయమవుతాయి.

‘డబ్బు ఎలాగూ ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది కదా, కారణం ఏదైతే బాధితుడికేం?’ అంటారు కొందరు. కేసు త్వరగా తేలాలన్న ఆత్రుత నాకూ అర్థమవుతుంది. కానీ కారణం తేలని చోటే ‘ఎదుటి బండిదీ తప్పు ఉంది’ అనే వాదన దూరుతుంది, పరిహారంలో పాతిక శాతమో సగమో కోత పడుతుంది.

పైగా ఓనరు జేబు నుంచి రూపాయి కదలదు. బీమా కంపెనీ బాధ్యత నుంచి తప్పుకోవడానికి అదే చట్టంలోని 150వ సెక్షన్ ఒప్పుకునే కారణాల్లో లైసెన్సు, పర్మిట్ లాంటివి ఉన్నాయి. డ్రైవరు చేత పద్దెనిమిది గంటలు బండి నడిపించడం మాత్రం ఆ కారణాల్లో లేదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, దూర ప్రయాణాల్లో కాస్త ఎక్కువ అని 1961లోనే చట్టం చేసుకున్నాం. ఆ గంటలు మీరినవాడికి బీమా విషయంలో ఏ శిక్షా లేదు. రెండో డ్రైవరు జీతం మిగుల్చుకున్న లాభం ఓనరుది, తొడ ఎముకలో రాడ్డు ప్రయాణికుడిది, జైలు నిద్ర చాలని ఆ డ్రైవరుది. నేను అడిగే మార్పు ఇది: బీమా కంపెనీ బాధితుడికి ముందు మొత్తం చెల్లించాలి. పనిగంటలు మీరినట్టు రుజువైతే ఆ సొమ్మును ఓనరు నుంచి రాబట్టుకోవాలి. సెక్షన్‌లో ఈ ఒక్క కారణం చేర్చితే, మరుసటి నెలలోనే ప్రతి బస్సులో రెండో డ్రైవరు కనిపిస్తాడు.

ఒక్క లారీ అప్పు మీద కొనుక్కున్న చిన్న ఓనరు సంగతేమిటి? అతని మెడ మీదా కత్తి ఉంది. సరుకు ఎన్ని గంటలకు చేరాలో, కిరాయి ఎంతో చెప్పేది అతను కాదు, సరుకు పంపే కంపెనీ. రాత్రి ఆర్డరు పెట్టి పొద్దున్నే గుమ్మంలో పార్సిల్ ఉండాలనుకునే మనమూ ఆ తొందరలో వాటాదారులమే. పద్దెనిమిది గంటల్లో చేరాల్సిన దూరానికి పన్నెండు గంటలు రాసిచ్చిన ఆ లోడింగ్ చీటీ కూడా ట్రిబ్యునల్ బల్ల మీదికి రావాలి, దాని మీద సంతకం చేసిన కంపెనీ కూడా ప్రతివాదుల వరసలో నిలబడాలి.