గూడ పెద్ద ఎవరి మనిషి?

పాత శ్రీకాకుళం జిల్లా సీతంపేట కొండల్లో, ఒక సవర గిరిజనుల గూడలో గ్రామసభ చూశాను. చింతచెట్టు కింద పెద్దలు సవర భాషలో మాట్లాడుకుంటూ ఉండగానే తీర్మానాల పుస్తకం వచ్చింది. అప్పటికే తెలుగులో రాసేసి ఉంది. కావలసింది వేలిముద్రలే. ఇంకు ప్యాడు చేతులు మారింది, అధికారులు లేచారు. పెద్దల మాట ఇంకా పూర్తి కాలేదు.

సవరల ఊళ్లలో వ్యవహారాలు చూసేది గమాంగ్, పూజలు నడిపేది బుయ్య. ఊరు గౌరవిస్తేనే వాళ్లకు పెద్దరికం. తెల్లదొరలకు ఇది సరిపడలేదు. కొండల్లో తిరుగుబాట్లు చూసి, 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల మన్యాన్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించారు, కలెక్టరును గవర్నరుకు ఏజెంటును చేశారు. మనం రోజూ అనే ‘ఏజెన్సీ’ ఆ ఏజెంటు నుంచి వచ్చిన మాటే. ఏజెన్సీలో పలుచోట్ల కొన్ని ఊళ్లు కలిపి ఒక ముఠా, దాని పెద్ద ముఠాదారు శిస్తు వసూలు చేసి పైకి కట్టాలి. ఆ హక్కు పత్రం, అంటే సనదు, ఇచ్చిన దొరే దాన్ని లాక్కోగలడు. ఇక ఆ ముఠాదారు ఊరి ముఖం చూస్తాడా, కచేరీ ముఖం చూస్తాడా?

ముఠాలు 1969లో రద్దయ్యాయి. కలెక్టరు మాత్రం మన్యంలో నేటికీ ప్రభుత్వ ఏజెంటే. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 భూచట్టం కింద అప్పీలు వినేదీ ఆయనే. ఆ చట్టం ఉండి తీరాలి, అది లేకపోతే గిరిజనుడికి సెంటు భూమి మిగలదు. కానీ భూమికి కాపలా ఉన్నంత మాత్రాన వాళ్ల తరఫున మాట్లాడే హక్కు రాదు.

షెడ్యూల్డు (గిరిజన) ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం ఆచారాలను, తగవులు తీర్చుకునే సొంత పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభదేనంది. మన రాష్ట్రంలో నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. షెడ్యూల్డు ప్రాంతం గీతకు బయట ఉన్న ఎన్నో సవర, జాతాపు గూడలకు ఆ మాత్రం కూడా దక్కలేదు. పాత పెద్దల కూటాల్లో ఆడవాళ్ల మాటకు చోటు తక్కువే, రిజర్వేషన్లతో గిరిజన మహిళలు సర్పంచులు కావడం నాకు సంతోషం. అయితే సర్పంచి చేతికీ ముందే రాసిన తీర్మానమే అందుతోంది.

పార్వతీపురం దాటితే ఒడిశాలోని రాయగడ. 2013లో అక్కడి నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకంపై 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. ఆ ఊళ్లను ఎంచింది ప్రభుత్వమే అయినా, జిల్లా జడ్జి ఎదుట కూర్చుని ఊరు చెప్పింది విన్నారు, ఆ తరువాతే రాసుకున్నారు.

సవర నేర్చుకుని నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. ఇక్కడి గ్రామసభలో మాట ముగిశాకే కలం తీయాలి, రాసింది సవరలో చదివి వినిపించాలి, ఊరు కాదంటే ఆ పేజీ కొట్టేయాలి.