మిత్రపురుగుకు దుకాణం లేదు

2008లో కోయంబత్తూరు పరిసరాల్లోని బొప్పాయి తోటల్లో కొత్త రకం పిండినల్లి కనిపించింది. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలకు చెందిన ఆ పురుగు బొప్పాయితో ఆగక మల్బరీకి, కర్రపెండలానికి పాకింది. ఒంటినిండా మైనపు పొడి ఉండడంతో మందులు దానికి సరిగా అంటలేదు. చివరకు బెంగళూరులోని భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థ 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల చిన్న కందిరీగలను తెప్పించింది. ఇతర జీవులకు హాని చేయవని పరీక్షించి తేల్చుకున్నాకే వాటిని తోటల్లో వదిలింది. వాటిలో అసెరోఫేగస్ అనే కందిరీగ కొద్ది నెలల్లోనే పిండినల్లిని అదుపు చేసి, అక్కడే స్థిరపడిపోయింది. రైతు మళ్లీ కొనవలసిన పనే లేకపోయింది.

పంటను పాడుచేసే పురుగులను చంపే ఇటువంటి మిత్రపురుగుల మేలు చాలావరకు ఖర్చు లేకుండానే మన పొలాల్లో జరుగుతోంది. దాన్ని మనమే చెడగొట్టుకుంటున్నాం. వరిలో దోమపోటు సంగతే చూడండి. పైరు రసం పీల్చి ఎండబెట్టే సుడిదోమ తన గుడ్లను ఆకు తొడుగు లోపల దాచిపెడుతుంది. పిచికారీ అక్కడిదాకా చేరదు. కానీ ఆ గుడ్లను వెతికి పీల్చేసే మిరిడ్ నల్లి, పిల్లదోమలను తినే సాలెపురుగు మాత్రం మందుకు చచ్చిపోతాయి. వారం తిరిగేసరికి గుడ్లు పగిలి, అడ్డులేని పొలంలో దోమ రెట్టింపవుతుంది. రైతు మళ్లీ డబ్బా భుజాన వేసుకుంటాడు. ఇండోనేషియా ఈ విషచక్రాన్ని గుర్తించి 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది, రైతులకు పొలంలోనే శిక్షణ ఇచ్చింది. అక్కడ ధాన్యం దిగుబడి పడిపోలేదు.

మన దగ్గర విజ్ఞానానికి కొరత లేదు. కోనసీమ కొబ్బరిని సర్పిలాకార తెల్లదోమ చుట్టుముట్టినప్పుడు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్రపురుగులను పెంచి రైతులకు అందించింది. లోపం సరఫరాలో ఉంది. పురుగుమందు డబ్బా ఊరి దుకాణంలో ఏడాదంతా దొరుకుతుంది, అప్పుగా కూడా ఇస్తారు. ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో చెప్పేదీ చాలాచోట్ల ఆ అమ్మే మనిషే. మిత్రపురుగులను పొలానికి చేర్చే ట్రైకో కార్డుకు ఆ అవకాశం లేదు. అది ప్రాణమున్న సరుకు. కాండం తొలుచు పురుగు, ఆకుముడత పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా అనే కందిరీగ, అర మిల్లీమీటరు కూడా ఉండనిది, ఆ కార్డు మీద అతికించిన గుడ్లలో పెరుగుతూ ఉంటుంది. వేడికి ఆలస్యం తోడైతే దారిలోనే బయటికి వచ్చి చనిపోతుంది. ఆడ పురుగు వాసనతో మగ పురుగులను లాగే లింగాకర్షక బుట్టలో రెక్కల పురుగులు పడడం మొదలైన కొద్ది రోజుల్లోనే కార్డు పొలంలో ఉండాలి. పది రోజులు ఆలస్యమైతే గుడ్లు పిల్లపురుగులై కాండంలోకి దూరిపోతాయి, కార్డు కట్టినా దండగే.

కాబట్టి రైతును నిందించి లాభం లేదు. పురుగు కనిపించిన రోజున చేతికి ఏది అందితే అదే కొడతాడు. 2021-22లో మిరపపై నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు గుంటూరు నుంచి ఖమ్మం వరకు రైతులు మందుమీద మందు కొట్టి అప్పులపాలయ్యారు. ఆ ఆపదలో వారికి పొలం గట్టున నిలబడి వేరే మార్గం చూపించినవారు చాలా తక్కువ.

రెండు తెలుగు ప్రభుత్వాలను మేము కోరేది ఇదే. జీవ నియంత్రణ ప్రయోగశాలలకు సిబ్బందిని, నిధులను ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలు, తెలంగాణలో రైతు వేదికలు ఉన్నాయి. విత్తనాలకు చేసినట్టే నారు పోయకముందే అక్కడ కార్డులకు ఇండెంటు తీసుకుని, పాల వ్యానులా చల్లటి పెట్టెలో, చెప్పిన తేదీకి ఊరికి చేర్చాలి. కార్డు కట్టిన పొలంలో కొన్నాళ్లు పురుగుమందు కొట్టకూడదు. ఆ నిబంధనను పాటించే రైతుకు దిగుబడిపై భయం సహజం. నేలతల్లికి, తినేవారికి మేలు చేసే ప్రయోగం భారమంతా అతని మీదే వేయడం న్యాయం కాదు. మొదటి రెండు మూడు పంటలకు నష్టం వస్తే ప్రభుత్వమే పూడుస్తుందని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.