బ్రెస్ట్ పంపు ఉచితమే, కానీ ఎక్కడ తీసుకున్నారన్నదే మెలిక

అమెరికాలో ఇన్సూరెన్స్ ఉంటే బ్రెస్ట్ పంపు (తల్లిపాలు తీసే మిషన్) ఉచితమని అంటుంటారు. నిజమే, కానీ అది సగమే. ఒబామాకేర్ అనే అక్కడి ఆరోగ్య బీమా చట్టం కింద 2012 ఆగస్టు నుంచి చాలా ప్లాన్లు పంపుతో పాటు లాక్టేషన్ కన్సల్టెంట్ (పాలివ్వడం నేర్పే నిపుణురాలు) ఫీజు కూడా కోపే, అంటే మన జేబులోంచి కట్టే వాటా, లేకుండా భరించాలి. ఆ చట్టం వచ్చిన 2010 మార్చికి ముందు నుంచీ పెద్దగా మార్పుల్లేకుండా నడుస్తున్న పాత ప్లాన్లకు మాత్రం ఇది వర్తించదు.

మా పాప పుట్టినప్పుడు నేను డల్లాస్‌లో ఇంటి దగ్గరి షాపులో పంపు కొనేసి, బిల్లు పంపితే డబ్బు వెనక్కిస్తారనుకున్నా. నెట్‌వర్క్ సప్లయర్ (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న షాపు) దగ్గర తీసుకోలేదని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కొట్టేశారు. పచ్చి బాలింతని, ఒళ్లో పాపతో గంటసేపు ఫోన్లో వాళ్ల హోల్డ్ మ్యూజిక్ వింటూ కూర్చున్నా. అమ్మేమో పక్కన వెల్లుల్లి కారం అన్నం ముద్దలు నోట్లో పెడుతూ, "పాలు పడటానికి ఇది చాలదూ, ఆ మిషనెందుకే" అని ఒకటే సణుగుడు!

నిజానికి నాకు పంపుకన్నా కన్సల్టెంటే ఎక్కువ పనికొచ్చింది. పాపను పట్టుకునే తీరు కాస్త మార్చగానే నొప్పి తగ్గింది.

కాన్పుకి ముందే ఇన్సూరెన్స్ కార్డు వెనక నంబరుకి ఫోన్ చేసి సప్లయర్ల జాబితా అడగండి. మాన్యువల్ ఇస్తారా, ఎలక్ట్రిక్ ఇస్తారా, కొత్తదా, అద్దెదా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. అది ప్లాన్‌ని బట్టి మారుతుంది.